సంఘం బండికి స్నానం

సూరత్‌లో గుడ్డకు కరువు లేదు. నీళ్లు తాగే గుడ్డకే కరువు. ఊరు ఊరంతా నేసేది పాలిస్టరు. దాంతో తడి తుడిస్తే ఆ తడి ఈ పక్కనుంచి ఆ పక్కకు జరుగుతుందే తప్ప గుడ్డలోకి రాదు. సగం జీవితం ఆ గుడ్డ నేసి, ఇంకొన్నాళ్లు తాకాలు అనే ఆ గుడ్డ చుట్టలను టెంపోలో వేసుకుని రింగ్ రోడ్ మార్కెట్లకు తోలిన రాజమల్లు, ఇప్పుడు బండి తుడవాల్సి వస్తే పెళ్లాం ట్రంకుపెట్టెలో పాత నూలు చీర కోసం వెతుక్కుంటాడు.

"సచ్చినోళ్ల బండికి నా చీరలన్ని కట్టవెడుతున్నవు," అని ఎల్లవ్వ సణుగుతుంది. సణుగుతూనే చీర తీసి, చింపి ఇస్తుంది. కోపం నోటికే, చేతికి ఎన్నడూ రాలేదు ఆమెకు.

బండి రాజమల్లుది కాదు. సిరిసిల్ల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు నుంచి వచ్చి నవాగామ్, డిండోలి గల్లీల్లో ఉంటూ మరమగ్గాల కార్ఖానాల్లో సాంచెలు నడుపుకుని బతికేవాళ్లు తలా ఇంత వేసుకుని కొన్న పాత తెల్ల వ్యాను అది. ఇక్కడివాళ్లు అలాంటి బండిని శబ్‌వాహిని అంటారు. మనవాళ్లకు ఆ మాట నోట అనడానికి మనసొప్పక సంఘం బండి అన్నారు. పేరు మారిస్తే పని మారుతుందా? సంఘంలో ఎవరు పోయినా ఇంటినుంచి తాపీ నది ఒడ్డున ఉన్న శ్మశానం దాకా తీసుకుపోయేది అదే. సాంచెల మోతకు చెవులు సగం పోయి, ఆ తర్వాత దగ్గరి చూపు మందగించి నేత మానేసిన రాజమల్లును పిలిచి, "నీకు టెంపో నడిపిన చెయ్యి ఉన్నది గద" అని తాళాలు ఇచ్చాడు సంఘం పెద్ద నరహరి. బండి పెట్టుకోవడానికి సంఘానికి జాగా లేదు. అందుకని అది రాజమల్లు ఇంటి ముందే ఉండిపోయింది.

శ్మశానానికి పోయి వచ్చినవాళ్లు తానం చెయ్యకుండా గడప దాటరు. అది అందరికీ తెలిసిన ఆచారమే. రాజమల్లు ఆ ఆచారంలో బండిని కూడా కలిపాడు. "నేను పోయొచ్చిన్నంటే అది గూడ పోయొచ్చినట్టే గద" అనేవాడు. వచ్చిన వెంటనే బండిని కడగాలి, తర్వాత తాను తడవాలి, అప్పుడే ఇంట్లోకి. ఎంత ఆకలేసినా, చలిలో పళ్లు కొట్టుకున్నా వరస తప్పలేదు.

మొదటిసారి గల్లీ నల్లాకు ప్లాస్టిక్ పైపు తగిలించి కడగబోయాడు. ఆ నల్లా ఎదురింటి ప్రమీల అరుగు పక్కన ఉంది. నీళ్లు పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు వస్తాయి. గల్లీవాళ్లంతా ఒకే పైపుతో ఒకరి తర్వాత ఒకరు డ్రమ్ములు నింపుకుంటారు. ప్రమీల చంకలో పిల్లతో వచ్చి నిలబడింది.

"అన్నా, ఏమనుకోకు. గా బండి కడిగిన పైపు మళ్ల మా డ్రమ్ముల ఎట్ల పెట్టుకోవాలె? తాగే నీళ్లాయె."

రాజమల్లు పైపు కింద పెట్టేశాడు. ఆమె అన్నది తప్పేమీ కాదనిపించింది అతనికి. లోపలినుంచి వింటున్న ఎల్లవ్వకు మాత్రం మండింది. "ఇయ్యాల ముట్టద్దంటున్నరు. రేపు గదే బండి ఎక్కాలె అందరు," అంది. మాట నిజమే. నిజం కనకనే గల్లీలో రెండు రోజులు ఎవరూ ఆమెతో సరిగా మాట్లాడలేదు.

అప్పటినుంచి బండికి బకెట్ తానమే. ఎల్లవ్వ ఇంట్లోని డ్రమ్ములోంచి ముంచి, బకెట్ తెచ్చి గడప మీద పెట్టేది. రాజమల్లు బయటినుంచి అందుకునేవాడు. ఆమె గడప దాటదు, అతను గడప తొక్కడు. చేతికి చెయ్యి తగలకుండా బకెట్ ఒక్కటే అటూ ఇటూ తిరిగేది.

డ్రమ్ము నీళ్లు వంటకూ ఒంటికీ కూడా సరిపోవాలి. కాబట్టి బండికి రెండు బకెట్లకు మించి రావు. ముందు పొడి కుంచెతో దుమ్మంతా దులిపేవాడు, దుమ్ము మీద తడి గుడ్డ వేస్తే రంగు మీద గీతలు పడతాయి. తర్వాత ఒక బకెట్లో ఇంత సర్ఫు కలిపి, పైకప్పు నుంచి మొదలుపెట్టేవాడు. కప్పు, అద్దాలు, తలుపులు, అన్నిటికంటే చివర చక్రాలు. గుడ్డ ముంచడం, పిండడం, ఒక బారెడు మేర తుడవడం, మళ్లీ ముంచడం. రెండో బకెట్ మంచినీళ్లతో ఇంకో ముక్క పట్టి సబ్బు తీసేయడం. మిగిలిన అడుగు నీళ్లలో పసుపు వేసి, లోపల పాడె పెట్టే రేకును కడిగి, అంచుల్లో ఇరుక్కున్న బంతిపూల రెక్కలు ఏరి పారేయడం. ఇదంతా అయ్యేసరికి నడుము పట్టేసేది. పైపు ఉంటే చిటికెలో పని. కానీ ఆ మొగుడూ పెళ్లాలు రోజు మొత్తంలో తీరిగ్గా మాట్లాడుకునేది ఆ కాసేపే.

ఎందుకంటే మిగతా రోజంతా ఎల్లవ్వకు ధాగా కటింగే. రింగ్ రోడ్ నుంచి వచ్చిన చీరల మూటలు ముందేసుకుని, ఎంబ్రాయిడరీ వెనక వేలాడే దారాలు కత్తిరిస్తూ తల ఎత్తేది కాదు. బండి వస్తేనే కత్తెర పక్కన పెట్టేది. బకెట్ ఇచ్చి, గడపకు లోపల పీట వేసుకుని కూర్చుని అడగడం మొదలుపెట్టేది.

"ఎవలు?"

చెవిటివాడితో మాట కనక అరిచినట్టే అడిగేది. గల్లీ అంతా వినేది.

"మెట్‌పల్లోళ్ల ముసలాయన."

"ఏం రోగం?"

"ఊపిరి."

"ఎవలేడ్చిన్రు?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం రాజమల్లుకు ఇష్టం. నడుపుతూనే ముందు అద్దంలోంచి వెనక కూర్చున్నవాళ్లను చూసేవాడు. "కోడలు గుండెలు బాదుకున్నదే. కొడుకు ఫోన్ సూసుకుంటున్నడు," అనేవాడు.

"అయ్యో. కోడలే నయ్యం," అని ఎల్లవ్వ నిట్టూర్చేది. ఆ ఇల్లు ఏదో, ఆ కోడలు ఎవరో ఆమెకు తెలియదు. అయినా వాళ్ల కోసం ఆ కాసేపు నిజంగానే బాధపడేది. పిల్లలు పుట్టి నిలవని ఇల్లు వీళ్లది. వచ్చేవాళ్లు లేరు, పోయేవాళ్ల సంగతులైనా ఇంట్లోకి రావాలి కదా.

గుండె పెరిగిందని పెద్దాసుపత్రిలో చెప్పిన తర్వాత ఆమె అడిగే తీరు మారింది. ఒక సాయంత్రం రెండో బకెట్ ఇచ్చి, పీట మీద కూర్చోకుండా తలుపు పట్టుకుని నిలబడింది.

"ఓ అయ్యా, ఒకటి చెప్త, ఇను. నన్ను గా బండిల ఎయ్యకు."

రాజమల్లు అద్దం తుడుస్తూనే ఉన్నాడు. చెవుడు కొన్నిసార్లు కలిసొస్తుంది. వినదలుచుకోని మాట వినబడలేదని ఊరుకోవచ్చు. కానీ నలభై ఏళ్లు చెవిటివాడితో కాపురం చేసిన మనిషి దగ్గర ఆ ఎత్తు పారదు.

"ఇనలేదనకు. ఇన్నవు. అండ్ల ఎవలెవల తల ఏడేడ ఆనిందో నాకు తెలుసు. అందరి సంగతి నిన్ను అడిగిన్నాయె. మా అవ్వను నలుగురు భుజాల మీద మోసుకపోయిన్రు. దారిల దింపి పేరువెట్టి పిలిచిన్రు. నన్ను గూడ గట్లనే తీస్కపో. డబ్బల పెట్టి తలుపెయ్యకు."

"సరే."

"గట్టిగ చెప్పు."

"సరేనే," అన్నాడు రాజమల్లు గట్టిగా. ఎదురింట్లో ప్రమీల, నల్లా దగ్గర ఆడవాళ్లు, నైట్ డ్యూటీకి పోతున్న మగవాళ్లు అందరూ విన్నారు. మాట ఇచ్చేశాక గుడ్డ పిండుతూ దిగులుపడ్డాడు. ఎందుకంటే ఇదే కోరిక కోరిన ఎంతోమందికి అది కుదరదని నచ్చజెప్పింది తనే.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసు? వైశాఖంలో ఒక పొద్దున ఎల్లవ్వ ఛాయ్ కాచి, మొగుడికి గ్లాసు ఇచ్చి, గోడకు ఆనుకుని కూర్చుంది. అతను తాగి ఖాళీ గ్లాసు చాపాడు. ఆమె అందుకోలేదు. నిద్రపట్టిందేమో అనుకుని గ్లాసు తనే కింద పెట్టి, కత్తిరించాల్సిన చీరల మూట పక్కకు జరిపి, కాళ్లు చాపుకోవడానికి వీలు చేశాడు. కాలు ముట్టుకున్నాక తెలిసింది.

గల్లీవాళ్లు చేరారు. నైట్ డ్యూటీ దిగిన మగవాళ్లు జుట్టులో నూగు దులుపుకోకుండానే వచ్చారు. నరహరి వచ్చి రాజమల్లు పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు. కాసేపటికి రాజమల్లు అడిగాడు.

"భుజాల మీద తీస్కపోదామే."

ఆ మాట ఇచ్చినప్పుడు విన్నవాళ్లే అందరూ.

"రాజమల్లన్నా," అన్నాడు నరహరి, చెవి దగ్గరికి వంగి. "ఊర్లయితే చెరువెనుకాల్నే ఉంటది. ఈడ ఎంత దూరమో నీకంటె ఎక్కువ ఎవనికి తెలుసు? ఉధ్‌నా దాటాలె, బ్రిడ్జి ఎక్కి దిగాలె, రింగ్ రోడ్ ట్రాఫిక్‌ల నడువాలె. ఎండ చూస్తివి. వీళ్లు రాత్రంత నిలవడి వచ్చిన్రు. సగం దారిల కాళ్లు మడతవడి కింద పడేస్తే అది వదినెకు మర్యాదనా?"

అక్షరం పొల్లుపోకుండా రాజమల్లు ఇన్నేళ్లుగా ఇతరులకు చెప్పిన మాటలే అవి. ఎవరి మాట వాళ్లకే తిరిగి తగలడమంటే ఇదే. అవతలివాళ్ల ఇంట్లో చావైనప్పుడు ఎంత సబబుగా వినిపించాయో, ఇప్పుడంత అన్యాయంగా వినిపించాయి.

"గల్లీ మూల దాక మోస్తం," అన్నాడు నరహరి. "బండి ఆడ పెట్టిద్దాం."

రాజమల్లు లేచాడు. "జర ఆగుండ్రి. బండి కడుగుత."

"వచ్చినంక గద నువ్వు కడిగేది?"

"ఇయ్యాల ముంగట," అన్నాడు.

డ్రమ్ములో నీళ్లు సగమే ఉన్నాయి. ఆమెకు ఆఖరి తానం పోయించడానికి ఆడవాళ్లు వాటికోసమే వచ్చారు. ప్రమీల ఒక మాటా అనకుండా ముంచి రెండు బకెట్లు పక్కన పెట్టింది. ఇంట్లో ఎల్లవ్వకు పసుపు రాసి నీళ్లు పోస్తున్నంతసేపూ బయట అతను బండి కడిగాడు. పైకప్పు సంగతి ఆ రోజు పట్టించుకోలేదు. లోపలికి దూరి, మోకాళ్ల మీద కూర్చుని, రేకును మూల మూలా రుద్దాడు. మెట్‌పల్లి ముసలాయన తల ఆనిన చోటు, పురిట్లో పోయిన పిల్ల చోటు, అందరివీ గుర్తున్నాయి. మరకలేవీ లేవు అక్కడ. అయినా ఆ మనుషులందరినీ తుడిచేసి, బండిని కొత్తది చేసి ఇవ్వాలనుకున్నాడు. ఇచ్చిన మాట నిలబెట్టుకోలేని మొగుడు అంతకన్నా చెయ్యగలిగింది లేదు. చిలకాకుపచ్చ నూలు చీర ముక్కతో తడి లేకుండా ఒత్తాడు. ఆ గుడ్డ నీళ్లన్నీ తాగింది.

నడపడానికి ఇంకెవరినైనా పిలుస్తానన్నాడు నరహరి. నిప్పుకుండ పట్టాల్సింది మొగుడు, అతను స్టీరింగు పట్టడమేమిటని ఒకరిద్దరు గొణిగారు. రాజమల్లు వినలేదు. "దాని క్లచ్ వేరేటోళ్లకు పడదు. గుంజుతది. ఆమెకు కుదుపు తగులుతది," అన్నాడు. నలుగురు ఎల్లవ్వను గల్లీ మూల దాకా భుజాల మీద మోశారు. నాలుగిళ్ల దూరం. తర్వాత పాడెను లోపలికి జరిపి తలుపు వేశారు. ఆ తలుపు చప్పుడు చెవిటివాడికి కూడా వినబడింది.

ఇప్పుడొక సంగతి చెప్పాలి. ఊళ్లో శవాన్ని మోసుకుపోతూ సగం దారిలో దింపి, దగ్గరివాళ్లు చెవిలో మూడుసార్లు పేరుపెట్టి పిలుస్తారు. దింపుడు కల్లం అంటారు. ప్రాణం ఉంటే పలుకుతుందేమోనని ఆశ. పలికినవాళ్లు లేరు, పిలవడం మానినవాళ్లూ లేరు. బండి వచ్చాక ఆ పద్ధతి పోకూడదని రాజమల్లే దానికొక చోటు చూశాడు. రింగ్ రోడ్ ఎక్కే ముందు మూతబడ్డ పెట్రోలు బంకు ఒకటుంది. ఎవరిని తీసుకుపోతున్నా అక్కడ బండి పక్కకు తీసి, వెనక్కి తిరిగి, "దింపుడు కల్లం అచ్చింది, పిలువుండ్రి" అని చెప్పేవాడు. ఏడుపులో మునిగిన కొడుకులకు గుర్తుండదు, అందుకని గుర్తుచేసే పని డ్రైవరుది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మరవలేదు.

ఆ రోజు డ్రైవరూ ఏడ్వాల్సినవాడూ ఒకడే అయ్యాడు. ముందు తాకాల లోడుతో టెంపో, పక్కన సిటీబస్సు, చూపు మసక. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి తీస్తే గేరు వెయ్యడానికి ఆలస్యమై వెనకవాళ్లు హారన్లు కొట్టారు. బండి కుదుపు లేకుండా నడపాలన్న ఒక్క ధ్యాసలో, బంకు ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు పోయిందో అతను చూడలేదు. వెనకున్నవాళ్లు అతనే ఆపుతాడని ఊరుకున్నారు. పక్కన నిప్పుకుండతో కూర్చున్న నరహరికి కుండ ఒరిగిపోకుండా చూసుకోవడమే సరిపోయింది. శ్మశానం గేటు దగ్గర ఇంజను ఆపాక రాజమల్లుకు గుర్తొచ్చింది.

"పిలువలేదు," అన్నాడు. "నేను పిలువకుంటనే తెచ్చిన. బండి ఎనుకకు తిప్పుత."

"వద్దన్నా. ఈడిదాంక అచ్చినంక ఎనుకకు తిప్పద్దు," అన్నాడు నరహరి.

అదీ ఆచారమే. రాజమల్లు స్టీరింగు వదల్లేదు. వెనకున్నవాళ్లు వచ్చి అతని వేళ్లు ఒక్కొక్కటే విడదీసి దింపుకోవాల్సి వచ్చింది.

దహనమయ్యాక తాపీలో మునిగి మగవాళ్లు అటునుంచి అటే ఆటోల్లో డ్యూటీలకు పోయారు. యజమాని చావు సెలవు ఇచ్చేది సొంతవాళ్లకైతేనే. నరహరి తోడొస్తానంటే రాజమల్లే వద్దన్నాడు. ఖాళీ బండిని ఒక్కడే తోలుకుని, బంకు ముందునుంచే, దానివైపు చూడకుండా ఇల్లు చేరాడు.

నల్లా నీళ్లు వచ్చే వేళ. ఆడవాళ్లు డ్రమ్ములు నింపుకుంటున్నారు. రాజమల్లు బండి ఆపి, దిగి, ఎప్పటిలాగే గడపకు ఇవతల నిలబడ్డాడు. లోపల, ఆమె ఒరిగిన చోట ఎవరో పెట్టిన దీపం వెలుగుతోంది. నదిలో మునిగినా సరే, బండికి తానం కాకుండా అతను లోపలికి పోడు. నీళ్లేమో లోపల ఉన్నాయి.

"ఎల్లీ, బకెట్ ఇయ్యి," అన్నాడు.

జవాబు రాలేదు. చెవిటివాడికి జవాబు వినబడకపోవడం కొత్త కాదు. వినబడకపోతే గొంతు పెంచడం అలవాటు.

"ఎల్లవ్వా."

నల్లా దగ్గర ఆడవాళ్లు ఇటు తిరిగారు. నిండిన డ్రమ్ములోంచి నీళ్లు పొర్లుతున్నా పైపు తీసేవాళ్లు లేరు.

"ఎల్లవ్వా," అని మూడోసారి, గల్లీ ఆ కొసకు వినబడేంత గట్టిగా పిలిచాడు. పిలిచాక ఆ గొంతు తనకే వినబడింది. బంకు దగ్గర పిలవాల్సిన పిలుపులు మూడూ గడప దగ్గర అయిపోయాయి. రాజమల్లు చేత్తో ద్వారబంధం పట్టుకోబోయి, బండికి తానం కాలేదని గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ప్రమీల తన డ్రమ్ములోంచి పైపు పీకి, నీళ్లు కారుతుండగానే బండి దాకా ఈడ్చుకొచ్చింది. కొస అతని ముందు పట్టింది.

"తీస్కో అన్నా. కడుగు. మేం వేరే పైపు తెచ్చుకుంటం."

ఒకప్పుడు ఆ పైపు మాటకే గల్లీ ఎల్లవ్వతో రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. రాజమల్లు దానివైపు చూశాడు.

"వద్దమ్మా," అన్నాడు. "పైపుతోటి జల్ది అయిపోతది."

ప్రమీలకు అర్థమవడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక పైపు కింద పడేసి, కొంగుతో మొహం తుడుచుకుని, ఆ ఇంట్లోకి పోయింది. ఎల్లవ్వ డ్రమ్ములో పొద్దున మిగిలిన నీళ్లు అడుక్కి ఉన్నాయి. చెంబుతో గీకి గీకి బకెట్ నింపి, తెచ్చి గడప మీద పెట్టి, అక్కడే నిలబడిపోయింది. ఇన్నేళ్లుగా ఎదురింటినుంచి విన్నది కాబట్టి, తర్వాత ఏం అడగాలో ఆమెకు తెలుసు.

రాజమల్లు బకెట్ అందుకున్నాడు. పొడి కుంచెతో దుమ్ము దులిపాడు. చిలకాకుపచ్చ ముక్కను నీళ్లలో ముంచి, పిండి, పైకప్పు నుంచి మొదలుపెట్టాడు. కప్పు అయింది. అద్దాల దగ్గరికి వచ్చాడు. ఎవరూ ఏమీ అడగలేదు. అయినా జవాబు చెప్పడానికి అతను గడప వైపు తిరిగాడు.

"ఎవలేడ్చిన్రో నేను సూడలేదే," అన్నాడు. "బండి నడుపుతున్న గద."